పదిహేనో ర్యాంకు వచ్చినా ఇంటికేనా?

ప్ర: మా అమ్మాయి బోస్టన్‌లో ఎం.ఎస్. చేస్తోంది. వాళ్ల యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టు ర్యాంకు ఒకచోట 9 అని, ఇంకోచోట 14 అని కనిపిస్తోంది. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జ: రెండూ నిజమేనండీ. కాకపోతే అవి రెండు వేరువేరు లెక్కలు. ఒకటి పోల్. సీజన్‌లో దాదాపు ప్రతి సోమవారం వస్తుంది. ఓటు వేసేవాళ్లు ఒక్కొక్కరూ 20 జట్లను వరుసగా పేరుస్తారు. మొదటి జట్టుకు 20 పాయింట్లు, రెండోదానికి 19, అలా చివరిదానికి 1. అంటే అది అభిప్రాయం. అక్టోబరు మొదట్లో పోల్ చూస్తే ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. హార్వర్డ్, కార్నెల్ లాంటి ఐవీ లీగ్ (ఎనిమిది పాత యూనివర్సిటీల బృందం) జట్లు మిగతావాళ్లకన్నా మూడు నాలుగు వారాలు ఆలస్యంగా బరిలోకి దిగుతాయి. ఒక్క మ్యాచ్ కూడా ఆడని జట్టుకు పోల్‌లో ర్యాంకు ఉండటం అందుకే.

రెండోది కంప్యూటర్ లెక్క. పురుషుల డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ హాకీ పై స్థాయిలో, ఏళ్ల తరబడి పెయిర్‌వైజ్ అనే లెక్క ఉండేది. 2025–26 నుంచి దాని స్థానంలో ఎన్‌పీఐ (ఎన్‌సీఏఏ పవర్ ఇండెక్స్) వచ్చింది. కాలేజీ క్రీడలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తన జాతీయ టోర్నమెంట్‌కు జట్లను ఎంచేది దీన్ని బట్టే. పోల్‌ను అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కబుర్లకు పోల్ చాలు, టోర్నమెంట్ ఆశలకు ఎన్‌పీఐ చూడాలి. అదీ జనవరి నుంచి చూస్తేనే మేలు. అంతకు ముందు వేరే కాన్ఫరెన్స్ (తమలో తాము లీగ్ ఆడుకునే కాలేజీల బృందం) జట్లతో ఆడిన మ్యాచ్‌లు తక్కువగా ఉంటాయి కాబట్టి ఒక్క ఓటమికే ర్యాంకు ఎటో వెళ్లిపోతుంది.

ప్ర: మా జట్టు ఆ వారం అసలు ఆడలేదు. అయినా రెండు స్థానాలు పడిపోయింది. ఇంకో వారం ఒక మ్యాచ్ గెలిచి ఒకటి ఓడితే పైకి పోయింది! – ఒక విద్యార్థి, డెట్రాయిట్

జ: ఎన్‌పీఐలో మీ గెలుపోటములకన్నా మీరు ఎవరితో ఆడారన్నదానికే బరువెక్కువ. మీరు నవంబరులో ఓడించిన జట్టు ఫిబ్రవరిలో వరసగా ఓడిపోతుంటే మీ పాత గెలుపు విలువ కూడా కరిగిపోతుంది. ఐపీఎల్ చివరి వారంలో మనం పక్క జట్ల మ్యాచ్‌లకు దండాలు పెట్టుకుంటామే, ఇక్కడ సీజన్ పొడుగునా అదే పని. మీ జట్టు ఖాళీగా ఉన్న శనివారం మీ పాత ప్రత్యర్థుల స్కోర్లు చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

రెండో దానికి కారణం ఎక్కడ ఆడారన్నది. సొంత రింక్‌లో గెలుపును 0.8గా, బయట గెలుపును 1.2గా లెక్కిస్తారు. ఓటమికి తలకిందులు: ఇంట్లో ఓడితే 1.2, బయట ఓడితే 0.8. ఇక్కడ జట్లు మామూలుగా శుక్ర, శనివారాల్లో ఒకే ప్రత్యర్థితో రెండు మ్యాచ్‌లు ఆడతాయి కాబట్టి చెరొకటి పంచుకోవడం చాలా మామూలు. అదే పంపకం ఇంట్లో జరిగితే 0.8ని 2తో భాగించాలి, 0.400. బయట జరిగితే 1.2ని 2తో భాగించాలి, 0.600. ఫలితం ఒక్కటే, తేడా మాత్రం ఇంత! మీ జట్టు ఆ వారం బహుశా బయటే ఆడి ఉంటుంది, చూసుకోండి.

ఓవర్‌టైమ్‌లో వచ్చిన గెలుపు పూర్తి గెలుపు కాదు, మూడింట రెండు వంతులే. మిగతా వంతు ఓడినవాళ్లకు పోతుంది. షూటౌట్ అయితే ఎన్‌పీఐకి అది డ్రానే. షూటౌట్‌లో గెలిచిన అదనపు పాయింటు కాన్ఫరెన్స్ పట్టికలో మాత్రమే పనికొస్తుంది. చాలామంది అభిమానులు తప్పులో కాలేసేది ఇక్కడే.

ప్ర: టోర్నమెంట్‌కు 16 జట్లు కదా, 15వ ర్యాంకు జట్టుకు చోటు ఎందుకు దక్కదు? – ఒక పాఠకుడు, గుంటూరు

జ: పదహారింటిలో ఆరు సీట్లు ఆరు కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లవి, ర్యాంకు ఎంతైనా సరే. మిగతా పదే ర్యాంకు ప్రకారం. ఆరుగురు ఛాంపియన్లూ మొదటి పదహారులోనే ఉంటే గొడవే లేదు. కింది నుంచి ఎగబాకి కప్పు కొట్టిన ప్రతి జట్టూ పైనుంచి ఒకరి సీటు పట్టుకుపోతుంది. 2025లో బెంట్లీ అట్లాంటిక్ హాకీ అమెరికా అనే కాన్ఫరెన్స్‌లో, కార్నెల్ ఈసీఏసీ అనే కాన్ఫరెన్స్‌లో గెలిచి ఇలాగే వచ్చాయి. అలా వచ్చిన కార్నెల్ మొదటి మ్యాచ్‌లోనే టాప్ సీడ్లలో ఒకటైన మిషిగన్ స్టేట్‌ను 4–3తో ఇంటికి పంపింది.

అందుకని మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నీలు మొదలయ్యాక ఒక కాగితం మీద 16 దగ్గర గీత గీయండి. పదహారుకు దిగువన ఉన్న జట్టు ఏ కాన్ఫరెన్స్‌లో ఫైనల్‌కు వచ్చినా గీతను ఒక మెట్టు పైకి జరపండి. రెండు కాన్ఫరెన్స్‌లలో అలా జరిగితే గీత 14 దగ్గరికి చేరుతుంది. కింది జట్టు ఫైనల్లో ఓడితే గీతను వెనక్కి దించండి. 12లోపు ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, 13 నుంచి గుండె దడే.

సీడ్లను కూడా దాదాపు ర్యాంకుల వరసలోనే వేస్తారు. తొలి రౌండ్‌లో ఒకే కాన్ఫరెన్స్ జట్లు తలపడకుండా మాత్రం కొద్దిగా సర్దుతారు. ఆతిథ్యమిచ్చే జట్టు అర్హత సాధిస్తే దాన్ని తన రీజినల్‌లోనే (నాలుగేసి జట్లు ఆడే తొలి దశ) ఉంచుతారు. ఇంత లెక్క చేసి ఎంచినా నాకౌట్‌లో ఒక్క రాత్రికే అంతా తారుమారు అవుతుంది. 2025లో నలుగురు టాప్ సీడ్లలో ఫ్రోజెన్ ఫోర్‌కు, అంటే సెమీఫైనల్స్‌కు, చేరింది వెస్టర్న్ మిషిగన్ ఒక్కటే. ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని 6–2తో ఓడించి తొలి టైటిల్ తీసుకుపోయింది.

ప్ర: ఇండియా నుంచి చూడాలంటే ఏ టైముకు లేవాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: అమెరికా తూర్పు తీరంలో శుక్రవారం రాత్రి 7కు మొదలయ్యే మ్యాచ్ మనకు శనివారం తెల్లవారుజామున 4:30కి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి 5:30. మార్చి రెండో ఆదివారం మళ్లీ 4:30. మిన్నెసోటా వైపు జట్లయితే ఇంకో గంట ఆలస్యం, హాయిగా కాఫీ తాగి కూర్చోవచ్చు. బోస్టన్ ప్రాంతంలోని నాలుగు యూనివర్సిటీలు పోటీపడే బీన్‌పాట్ మాత్రం ఫిబ్రవరి మొదటి రెండు సోమవారాల్లో జరుగుతుంది. అంటే మనకు మంగళవారం పొద్దున. ఆఫీసులో ఆ పూట సెలవు అడిగి పెట్టుకోండి.