పెళ్లిళ్ల పనికి సోనీ ఏ7 త్రీనా, కెనాన్ ఆర్8నా?
నల్లగొండలో పెళ్లిళ్లు తీస్తున్నా, ఈ రెండు కెమెరాల్ల ఏది కొనాలని ఒకరు అడిగిండ్రు. 2018 నాటిదైనా నేను సోనీనే అంట. రెండూ ఫుల్‌ఫ్రేమే, అంటే పెద్ద సెన్సర్‌వే, 24 మెగాపిక్సెళ్లే. ఫొటోల తేడా పెళ్లోళ్లకు కనపడదు. తేడా తెలిసేది తలంబ్రాల వేళ. సోనీకి రెండు కార్డు స్లాట్లు. రెండిట్లకూ ఒకేసారి ఎక్కేటట్టు పెట్టుకుంటే ఒకటి చెడినా భయం లేదు. ఆర్8కు ఉన్నదే ఒకటి. స్క్రీన్ చూసి తీస్తే కంపెనీ లెక్కల ప్రకారం సోనీ బ్యాటరీకి 710 ఫొటోలు, కెనాన్‌కు 290. మిర్యాలగూడ ఫంక్షన్‌హాల్ల అర్ధరాత్రి ముహూర్తమైతే ప్లగ్గు ఎక్కడ వెతుకుతరు? చెయ్యి వణుకును ఆపే సెన్సర్ స్టెబిలైజేషన్ కూడా సోనీలోనే ఉంది.

వీడియోలే ఎక్కువ తీసేటట్టయితే మాత్రం ఆర్8 కొనుండ్రి. 4కెలో సెకనుకు 60 ఫ్రేములు తీస్తది, సోనీ 30 దగ్గర్నే ఆగుతది. బరువు కూడా 461 గ్రాములే, సోనీ 650. ఆర్8కు రెండు బ్యాటరీలు అదనంగా కొనుక్కోవాలె, అంతే.