బెల్టు జారిందా, జారుతోందా?

సందేహం: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైసుమిల్లు. రిజిస్టరులో మా ఆపరేటర్ 'బెల్టు జారింది' అని రాస్తుంటాడు. పుల్లీ మీద నుంచి పడిపోయిందనా, పట్టు లేకుండా తిరుగుతోందనా? ఏమని రాయమనాలి?

సమాధానం: అతను రాసింది తప్పేం కాదండీ, కానీ ఆ మాట రెండు వైపులకీ పోతుంది. పంచె జారుతోందంటే ఇంకా నడుము మీదే ఉంది, బిగించుకుంటే సరిపోతుంది. ఊడిందంటే ఇక చెప్పేదేముంది. బెల్టుకూ అంతే. పుల్లీతో సమానంగా పోలేక వెనకబడుతుంటే 'జారుతోంది' అని, గాడిలోంచి బయటికొచ్చేస్తే 'ఊడింది' అని రాయించండి. 'జారింది' మానేయండి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే రెండు రోగాలకూ మందు ఒకటి కాదు. జారుతోందంటే బెల్టు వదులై ఉండాలి, నూనె పడి ఉండాలి, లేదా గాడి అరిగి ఉండాలి. వీ బెల్టు, అంటే పైన వెడల్పుగా అడుగున సన్నగా ఉండే బెల్టు, గాడి అడుగున కూర్చోదు, రెండు పక్కల మధ్య ఇరుక్కుని పట్టు తెచ్చుకుంటుంది, అందుకే గాడి అడుగు నున్నగా మెరుస్తుంటే బెల్టు కిందికి దిగిపోయిందని గుర్తు, అప్పుడెంత బిగించినా కీచుమంటూనే ఉంటుంది. ఊడిందంటే మాత్రం ముందు పుల్లీల వరస, అంటే రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి. రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి పట్టుకుంటే ఒక్కో పుల్లీ అంచుకు రెండు చొప్పున నాలుగు చోట్లా ఆనాలి.

చీమకుర్తిలో ఒక గ్రానైటు కోత మిషన్ దగ్గర నేను చూశాను. చీటీలో 'జారింది' అని ఉంటే రిపేరుకు వచ్చినతను వదులనుకుని మోటారు వెనక్కి జరిపి గట్టిగా బిగించి పోయాడు. ఉన్న తప్పు వరసలో. మర్నాటికి బెల్టు మళ్ళీ ఊడింది, బేరింగు చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. చాలా బాధనిపించింది, సరైన క్రియ ఒక్కటి రాసుంటే అది తప్పేది.

బెల్టు టెన్షన్‌కి 'బిగువు' చక్కగా సరిపోతుంది, 'బిగుతు' అన్నా తప్పులేదు. పుల్లీని గిలక అనక్కర్లేదు, అది బావి దగ్గరి మాట.

ఇంకో జంట కూడా నేర్పించండి. కొత్త బెల్టు ఒకటి రెండు రోజులు తిరిగేసరికి కాస్త పొడవవుతుంది, మళ్ళీ బిగించాలి, దాన్ని 'సాగింది' అనాలి. మోటారు బోల్టులు వదులైతే అది 'సడలింది'.