ఐదో గేరులో 80 దాటాక మిస్సింగ్: పంపు మార్చే ముందు ఇది చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2015 పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. హైవే మీద 80 దాటాక ఉండుండి జర్క్ కొడుతోంది. ఇంజిన్ లైటు వెలగలేదు. మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చమంటున్నాడు.

కాస్త ఆగండి. ఇవే లక్షణాలకు నేను పంపు మార్పించి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయించి, తొమ్మిది వేలు వదిలించుకున్నాను. జర్క్ మాత్రం పోలేదు.

తర్వాత నాన్నగారిని తీసుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాను. సూర్యాపేట ఇంకాస్త దూరం ఉందనగా చిన్న ఎత్తు వచ్చింది. ఐదో గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం బరువుగా పెట్టి పోతున్నాను. టక్... టక్ టక్... వెనక నుంచి ఎవరో బంపర్ పట్టుకుని లాగి వదిలినట్టు. నాన్నగారు అంబాసిడర్ నడిపిన మనిషి. "బండి ముక్కుతోందిరా, నాలుగుకి దించు" అన్నారు. దించాను. అదే ఎత్తు, అదే 80, జర్క్ మాయం. మళ్లీ ఐదు వేస్తే మళ్లీ వచ్చింది. గ్యారేజీలో రెండు రోజులున్నా దొరకని ఆధారం అక్కడ దొరికింది.

ఎందుకంటే, తప్పు టైర్లదో బేరింగుదో అయితే గేరు మార్చినా పోదు, అది వేగంతో పాటే ఉంటుంది. ఇక్కడ వేగం మారలేదు, ఇంజిన్ మీద బరువు మారింది. ఐదో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుంటుంది, సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో ప్లగ్గు (పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వ, అంటే స్పార్క్, ఇచ్చేది) కొసనున్న గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ ఓల్టేజ్ కావాలి. కాయిల్ (ప్లగ్గు మీద కూర్చుని దానికి ఆ ఓల్టేజ్ ఇచ్చేది) కింది రబ్బరు బూటులోనో ప్లగ్గు పింగాణీ మీదో సన్నటి దారి దొరికిందంటే, కరెంటు గ్యాప్ దూకే కష్టం పడకుండా ఆ దారిన ఇంజిన్ బాడీలోకి పోతుంది. ఐడిల్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి నీరసంగా ఉన్న స్పార్క్ కూడా పని నెట్టుకొస్తుంది. అందుకే ఊళ్లో బండి బంగారంలా ఉంటుంది. 2,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 20 సార్లు మండాలి. అందులో రెండు మూడు తప్పినా సీటులో కూర్చున్నవాళ్లకి తెలిసిపోతుంది.

పంపు తప్పయితే తీరు సాధారణంగా వేరుగా ఉంటుంది. బండి టక్కున కుదపదు, పికప్ మెల్లగా చచ్చిపోతుంది, ఎంత తొక్కినా లాగదు. మీరు "జర్క్" అని రాశారు కాబట్టి నా అనుమానం ముందు స్పార్క్ మీదే.

లైటు రాలేదని స్కానర్ (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) పెట్టకుండా ఉండకండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట తప్పడం) ఒకసారి కనబడగానే చాలా కార్లలో లైటు వెలగదు. కంప్యూటర్ దాన్ని పెండింగ్ కోడ్‌గా దాచుకుంటుంది, తర్వాతి ప్రయాణంలోనూ కనబడితే అప్పుడు లైటు వేస్తుంది. సూర్యాపేటలో ఒక చిన్న షెడ్డు మెకానిక్ స్కానర్ పెడితే పెండింగ్‌లో పి0303 వచ్చింది, అంటే మూడో సిలిండర్. దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, తప్పు జరిగిన క్షణంలో బండి ఎలా ఉందో చెప్పే అంకెలు. నాది 2,200 ఆర్‌పీఎం, లోడ్ 76 శాతం. నాన్నగారు చెప్పిన "ముక్కడం" అంకెల్లో అదే. పి0300 వస్తే ఏ ఒక్క సిలిండరో తేలలేదని అర్థం. అప్పుడు పెట్రోల్, గాలి లీకుల వైపు కూడా చూడాలి.

ఒక సిలిండర్ నంబరు దొరికితే పని సులువు. ఇంజిన్ చల్లారాక కాయిల్ కనెక్టర్ తీసి, బోల్టు విప్పి, కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నిటారుగా పైకి లాగండి. మూడో కాయిల్‌ని ఒకటో దాంట్లో, ఒకటోదాన్ని మూడులో పెట్టి, కోడ్ చెరిపేసి, అదే ఎత్తు మీద అదే గేరులో నడపండి. కోడ్ పి0301గా మారితే తప్పు కాయిల్‌ది. మూడులోనే ఉండిపోతే ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి). ఈ వరస దాటకుండా ఎవరైనా కొత్త పార్టు పేరెత్తితే ఒప్పుకోవద్దు.

నా మూడో కాయిల్ తీసినప్పుడు బూటు కొస నూనెతో జిగురుగా ఉంది. మెకానిక్ బూటు కొస తిప్పి టార్చ్ వేస్తే లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి బూడిదరంగు గీత. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద, సరిగ్గా దానికి ఎదురుగా, అలాంటిదే నల్ల గీత. కరెంటు నడిచిన బాట అది. టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ కారి, నూనె ప్లగ్గు గుంటలోకి దిగి, రబ్బరుని మెత్తబరిచింది.

ఇక్కడ నేనూ ఒక పొరపాటు చేశాను. డబ్బు మిగులుతుందని ప్లగ్గు ఒక్కటే మార్పించాను. వారం బాగుంది, మళ్లీ మొదలు. బూటులో గీత అలాగే ఉంటే కొత్త ప్లగ్గు మీద కూడా బాట పడుతుంది. చివరికి కాయిల్, నాలుగు ప్లగ్గులు, ప్యాకింగ్ కలిపి మార్చాక తగ్గింది. మొత్తం కలిపినా పంపు బిల్లులో సగం కాలేదు.

మీ బండికి సీఎన్‌జీ కిట్ ఉందా? రాయలేదు. ఉంటే అదే రోడ్డు మీద పెట్రోల్‌కి మార్చి చూడండి. గ్యాస్‌ని మండించడానికి ఓల్టేజ్ ఇంకా ఎక్కువ కావాలి, అందుకే ప్లగ్గు, కాయిల్ నీరసం ముందు గ్యాస్ మీదే బయటపడుతుంది. పెట్రోల్ మీద జర్క్ పోయిందని వెంటనే కిట్ వాడిని తిట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం టెన్షన్ పడాల్సిందే. ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే కాలు తీసేసి, నెమ్మదిగా పక్కకి ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది పాడైతే కాయిల్ ఖర్చు కంటే ఎన్నో రెట్లు.

రేపు స్కానర్ పెట్టించి, పెండింగ్ కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని ఆర్‌పీఎం, లోడ్ అంకెలు ఇక్కడ రాయండి. ప్లగ్గు గుంటలో నూనె ఉందో లేదో కూడా చూసి చెప్పండి. పంపు డబ్బు మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.