4.7 జీబీ డీవీడీలో 4.38 జీబీయే ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: "రెండు గంటల పెళ్లి వీడియో ఫైల్ 4.5 జీబీ ఉంది. 4.7 జీబీ అని రాసి ఉన్న బ్లాంక్ డీవీడీ కొన్నాను. విండోస్‌లో పెడితే 4.38 జీబీ ఖాళీ అంటోంది, ఫైల్ పట్టడం లేదు. షాపువాడు నకిలీ డిస్కు అంటగట్టాడా? లేక ఫార్మాటింగ్‌కి పోయిందా?"

జవాబు:

రెండూ కాదండీ. షాపువాడిని ఏమీ అనకండి, మీ డిస్కు నిక్షేపంగా ఉంది. తెనాలిలో ఒక స్టూడియోలో చాలా ఏళ్లు పెళ్లి వీడియోల మిక్సింగ్ చేశాను. ముహూర్తాల సీజన్ వచ్చిందంటే ఈ అనుమానంతో ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లు.

జీబీలు పక్కన పెట్టి బైట్లలో చూడండి, చిక్కు దానంతట అదే విడిపోతుంది. మైనస్ రకం డీవీడీలో, అంటే డీవీడీ-ఆర్‌లో, సరిగ్గా 470 కోట్ల 73 లక్షల 19 వేల 808 బైట్లు పడతాయి. కంపెనీవాళ్లు వంద కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు కాబట్టి డబ్బా మీద 4.7 అని వేశారు. అందులో అబద్ధం లేదు. విండోస్‌కి మాత్రం ఒక జీబీ అంటే 1024ను మూడుసార్లు హెచ్చవేయగా వచ్చేది, 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. 470.73ని 107.37తో భాగించండి, మీకు కనిపించిన 4.38 వస్తుంది. ఎకరాన్ని ఆంధ్రలో వంద సెంట్లంటారు, తెలంగాణలో నలభై గుంటలంటారు, నేల మాత్రం అంతే కదా. కాకపోతే అక్కడ పేర్లు వేరు. ఇక్కడ రెండు కొలతలకీ జీబీ అనే పేరే తగిలించడంతో వచ్చింది గొడవంతా. ఇదే డిస్కును మ్యాక్‌లో పెడితే 4.7 అనే చూపిస్తుంది. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే మ్యాక్ సిస్టమ్ నుంచి ఆపిల్ కూడా వందకోట్ల లెక్కలోకి మారింది.

మరి ఫార్మాటింగ్? చాలామంది చెప్పే సమాధానం ఇదే, కానీ ఇక్కడ అది తప్పు. గీతలు పడ్డా చదవగలిగేలా డిస్కులో అదనపు సమాచారం ఉండే మాట నిజమే. మీరు రాసే ప్రతి 32,768 బైట్లకీ డిస్కు మీద 37,856 బైట్లు పడతాయి. ఆ అయిదు వేల చిల్లరా 470 కోట్లకు బయటి లెక్క. మీ వాటాలోంచి తీసింది కాదు. ఫోల్డర్ల పట్టీ లాంటివి లోపలే రాస్తారు గానీ ఒకటి రెండు పెద్ద ఫైళ్లు పెట్టేవాళ్లకు అది లెక్కలోకి రాదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లయితే వేరు. ఎంత బుల్లి ఫైలయినా 2048 బైట్ల గది ఒకటి ఆక్రమిస్తుంది.

ఈ అనుమానం సీడీల కాలంలో ఎవరికీ రాలేదు. ఎందుకంటే 700 ఎంబీ అని రాసిన సీడీ పెడితే కంప్యూటర్ 702, 703 చూపించేది. రాసిన దానికంటే ఎక్కువే వచ్చేసరికి అందరూ ఖుషీ. సీడీవాళ్లు 1024 లెక్క వాడారు, డీవీడీవాళ్లు వెయ్యి లెక్కకు మారారు. అంతే తేడా. నిజానికి సీడీ కొలత నిమిషాల్లో ఉంటుంది. 80 నిమిషాలు, సెకనుకు 75 సెక్టార్లు (డేటా గదులు), మొత్తం 3,60,000. డేటా రాస్తే ఒక్కో సెక్టార్‌లో 2048 బైట్లు, అంటే 73 కోట్ల 72 లక్షల 80 వేలు. పాటలు రాస్తే అదే సెక్టార్‌లో 2352 బైట్లు. వీసీడీ సినిమా అయితే 2324. అందుకే 700 ఎంబీ సీడీలో దాదాపు 800 ఎంబీ సినిమా పట్టేది. మాయేమీ లేదు, డేటాకు ఇచ్చే అదనపు రక్షణ అక్కడ తీసేశారు. సినిమాలో ఒక చుక్క పోతే బొమ్మ క్షణం చెదురుతుంది, ఎక్సెల్ ఫైల్లో పోతే లెక్కలే పోతాయి. సీడీని విడతలు విడతలుగా రాసేవాళ్లకు ఇంకో దెబ్బ ఉండేది. మొదటి సెషన్ మూయడానికి 22 ఎంబీ, ఆ తర్వాత ప్రతిదానికీ 13 ఎంబీ ఉత్తినే పోయేవి.

ప్లస్ రకం కొన్నవాళ్లకు ఒక మాట. డీవీడీ+ఆర్‌లో 470 కోట్ల 3 లక్షల బైట్లే పడతాయి, మైనస్ కంటే 69 లక్షలు తక్కువ. మామూలుగా పట్టించుకోనక్కర్లేదు గానీ, మైనస్‌కి అంచుదాకా నింపి తయారుచేసిన ఐఎస్ఓ ఫైల్ (డిస్కు మొత్తానికి నకలు) ప్లస్‌లో ఎక్కదు. డబుల్ లేయర్ మీద 8.5 అని ఉంటుంది, మీకు కనిపించేది 7.96. రెండు పొరలుంటే 9.4 రావాలి కదా అంటారేమో. రెండు పొరలూ తప్పుల్లేకుండా చదవగలగాలని వాటిలో గుర్తుల్ని కాస్త పొడవుగా వేస్తారు, దాంతో ఒక్కో పొరలో పట్టేది తగ్గుతుంది. 25 జీబీ బ్లూరే విండోస్‌లో 23.3. పాడైన చోట్లకు బదులు వాడుకోవడానికి కొంత జాగా అట్టిపెట్టేలా ఫార్మాట్ చేస్తే 22.5. ఇక్కడ మాత్రం ఫార్మాటింగ్‌తో జాగా నిజంగానే తగ్గుతుంది.

ఇక మీ ఫైల్ సంగతి. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి, 4.50 జీబీ పక్కన బ్రాకెట్లో బైట్లు ఉంటాయి. 483 కోట్ల చుట్టుపక్కల ఉండాలి. డిస్కులో పట్టేది 470. అంటే మీకు అడ్డుపడుతున్నది ఓ 12 కోట్ల బైట్లు, నూటికి మూడు వంతులు కూడా లేవు. దానికోసం డబుల్ లేయర్ కొనడం దండగ, పైగా పాత ప్లేయర్లు కొన్ని దాన్ని చదవడానికి మొరాయిస్తాయి.

మిక్సింగ్ వాళ్లనే అడగండి, సౌండ్ ఏ ఫార్మాట్‌లో పెట్టారని. డీవీడీ వీడియోలో సౌండ్‌ని పీసీఎంగా, అంటే కుదించకుండా, వదిలేస్తే సెకనుకు 1.5 మెగాబిట్లు అదొక్కటే తినేస్తుంది. దాన్ని కుదించి 256 కిలోబిట్ల డాల్బీ ఫార్మాట్‌కి మారిస్తే రెండు గంటల మీద 115 కోట్ల బైట్లు మిగులుతాయి. సన్నాయి మేళం అలాగే వినిపిస్తుంది, మీ టీవీ స్పీకర్లలో తేడా పట్టుకునేవాళ్లు ఉంటే చూద్దాం. సౌండ్ ఇప్పటికే డాల్బీలో ఉంటే బొమ్మ బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) కాస్త తగ్గించమనండి. రెండు గంటలకు బొమ్మా సౌండూ కలిపి సెకనుకు 5 మెగాబిట్లు దాటకపోతే చాలు, మెనూకి కూడా చోటుంటుంది.

పట్టింది కదా అని చివరి బైట్ దాకా నింపొద్దు. డిస్కు లోపలి అంచు నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది. రాసిన డిస్కు కింది వైపు వెలుతురులో పెట్టి చూడండి, రాసినంత మేరా రంగు తేడాగా ఒక వలయం కనిపిస్తుంది. ఆ బయటి అంచే మన వేళ్లు తగిలేది, పెట్టె నుంచి తీసేటప్పుడు గీసుకునేదీ అదే. నా దగ్గరికి "అప్పగింతల దగ్గర ఆగిపోతోంది" అని తిరిగొచ్చిన డిస్కుల్లో ఎక్కువ అంచుదాకా నింపినవే. ఓ వంద ఎంబీ ఖాళీ వదిలి, తక్కువ స్పీడులో రాయించండి. అసలు ఫైల్‌ని మాత్రం హార్డ్ డిస్కులో విడిగా దాచుకోండి.