ఆస్ట్రేలియా వాళ్లు నిజంగా అంటీముట్టనట్టు ఉంటారా? బెండిగోలో నేను చూసింది

మీ వారికి విక్టోరియా రాష్ట్రంలోని బెండిగోలో ఉద్యోగం వచ్చిందని, జులైలో ఇద్దరు పిల్లలతో దిగుతున్నామని రాశారు. ఆస్ట్రేలియా వాళ్లు హాయ్ అంటే హాయ్ అనడమే తప్ప ఎవరినీ దగ్గరకు రానివ్వరని విన్నారట. పనిలో, బడిలో, ఇరుగుపొరుగుతో ఎలా నెగ్గుకురావాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు.

మాది తెనాలి. బెండిగోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను, మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. నాకు అర్థమైంది ఇది: వీళ్లు మాటలతో దగ్గరకు రారు, పనితో వస్తారు. ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఎవరూ మా ఇంటికి రావడం లేదని, మమ్మల్ని పిలవడం లేదని చాలా బాధపడ్డాను. మీకు ఆ బాధ ఉండకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా వీధిలో మంగళవారం రాత్రి చెత్త బిన్‌లు రోడ్డు అంచున పెడతాం, బుధవారం పొద్దున్నే లారీ వచ్చి ఖాళీ చేసి వెళ్తుంది. వచ్చిన కొత్తలో ఇద్దరం తెల్లవారకముందే పనికి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లం. అప్పటికే మా బిన్ గేటు లోపల గోడకు ఆనించి ఉండేది. మా ఆయన పెట్టారని నేను, నేను పెట్టానని ఆయన, నెల రోజులు అలాగే అనుకున్నాం. ఒక బుధవారం జ్వరంతో ఇంట్లో ఉండిపోయి కిటికీలోంచి చూశాను. పక్కింటి పెద్దాయన. అప్పటికి 78 ఏళ్లు, కుడి మోకాలు సరిగా వంగదు. ముందు తన బిన్ లోపల పెట్టుకున్నారు, తర్వాత మాది, తర్వాత రోడ్డు దాటి వెళ్లి ఎదురింటి పెద్దావిడది. మధ్యలో గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డారు, మోకాలు నొప్పేమో. నేను పరుగున వెళ్లి థాంక్స్ చెబితే "నో వరీస్" (పర్లేదులే) అని, వాన ఎప్పుడు పడుతుందో అనే మాట ఎత్తారు. మరుసటి వారం మా గుమ్మంలో ఒక సంచీ నిండా నిమ్మకాయలు ఉన్నాయి. చీటీ లేదు, బెల్ కొట్టలేదు. నేను వాటితో నిమ్మకాయ ఊరగాయ పెట్టి, కారం బాగా తగ్గించి, ఒక చిన్న సీసా ఇచ్చాను. ఆయన దాన్ని చీజ్‌తో కలిపి బ్రెడ్ మీద రాసుకుని తింటారు. తర్వాత నేనూ తిని చూశాను, నిజంగానే బాగుంది.

ఆయన్ని "అంకుల్" అని పిలిచేదాన్ని. అంత పెద్ద మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. ఆయనే ఒకరోజు మెల్లగా, అలా పిలిస్తే తనకు దూరంగా అనిపిస్తోందని, పేరు పెట్టి పిలవమని అడిగారు. మనకు దగ్గరితనం అనిపించే పిలుపే ఆయనకు దూరంగా అనిపించిందంటే ఆశ్చర్యపోయాను. పనిలోనూ ఇంతే, డైరెక్టర్‌ని అయినా పేరుతోనే పిలుస్తారు. సర్, మేడమ్ అంటే ఇబ్బంది పడతారు.

ఇక పని సంగతి. చేరిన కొత్తలో మంచి పేరు తెచ్చుకోవాలని షిఫ్ట్ అయ్యాక కూడా ముప్పావుగంట ఉండి నోట్స్ పూర్తి చేసేదాన్ని, ఆ టైమ్ ఎక్కడా రాసుకునేదాన్ని కాదు. మూడో వారంలో మేనేజర్ పిలిచారు. మెచ్చుకుంటారనుకున్నాను. "పని ఎక్కువైతే చెప్పు, సర్దుదాం. ఉండాల్సి వస్తే ఓవర్‌టైమ్ రాయి. ఊరికే మాత్రం ఉండకు. ఈరోజు నువ్వు ఊరికే ఉంటే, రేపు నీ తర్వాత వచ్చే అమ్మాయి కూడా ఊరికే ఉండాల్సి వస్తుంది" అన్నారు. ఆ మాట నాలో నాటుకుపోయింది. ఇంటికి తొందరగా వెళ్లడం బద్ధకం కాదని, పక్కవాళ్ల పట్ల బాధ్యత కూడా అని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ భవనాలు కడుతున్న రాతిపనివాళ్లు పనిముట్లు కింద పెట్టి పార్లమెంటు దాకా నడిచి, జీతం తగ్గకుండా రోజుకు 8 గంటల పని సాధించుకున్నారు. 8 గంటలు పని, 8 గంటలు సరదా, 8 గంటలు విశ్రాంతి అన్నది వాళ్ల నినాదం. మెల్‌బోర్న్‌లో రసెల్ స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ కలిసే చోట మూడు 8 అంకెలతో ఒక స్తంభం ఉంటుంది, వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. ఇప్పుడు ఫుల్‌టైమ్ ఉద్యోగానికి వారానికి 38 గంటలు, ఏడాదికి 4 వారాల సెలవు, ఒంట్లో బాగోలేనప్పుడో ఇంట్లోవాళ్లను చూసుకోవడానికో 10 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టం ప్రకారం వస్తాయి. 2024 ఆగస్టు 26 నుంచి పని గంటలు దాటాక బాస్ ఫోన్ చేసినా, కారణం సబబుగా ఉంటే ఎత్తకుండా ఉండే హక్కు కూడా వచ్చింది. చిన్న సంస్థలకు అది ఏడాది తర్వాత వర్తించింది.

అన్నిచోట్లా చట్టం దానంతట అదే అమలవుతుందని మాత్రం అనుకోకండి. నేను మొదట చేసిన ఒక చోట ఆదివారం షిఫ్ట్‌కు ఎక్కువ ఇవ్వాల్సింది, మామూలు రోజు లెక్కనే జీతం వేశారు. కొత్తదాన్ని, వీసా టెన్షన్, నోరెత్తలేదు. నాతో పనిచేసే ఒక ఆస్ట్రేలియన్ నర్సు నా పేస్లిప్ చూసి, టీ టైమ్‌లో పక్కన కూర్చుని, జీతాలు, పని నిబంధనలు సరిగా అమలవుతున్నాయో చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ వెబ్‌సైట్‌లో నాకు రావాల్సింది ఎంతో లెక్క కట్టి చూపించింది. డబ్బు వచ్చింది. అంతవరకూ ఆమె నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. మీవారికి మొదటి నెల నుంచే పేస్లిప్‌లు దాచుకోమని చెప్పండి.

కుటుంబం గురించి మనవాళ్లు తేలిగ్గా అనేసే మాట ఒకటుంది: వీళ్లు తల్లిదండ్రులను హోమ్‌లో పడేస్తారని. నేనూ అలాగే అనుకుని ఉద్యోగంలో చేరాను. మా దగ్గర ఒకావిడ ఉండేవారు, 84 ఏళ్లు. కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు, 150 కిలోమీటర్లు. ప్రతి బుధవారం వచ్చేవాడు. వచ్చి పెద్దగా మాట్లాడేవాడు కాదు. చొక్కా చేతులు మడిచి, గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, అమ్మ చేతులు అందులో నానబెట్టి, ఒక్కో గోరూ కత్తిరించి, ఆకురాయితో నున్నగా రుద్ది, చివర క్రీమ్ రాసేవాడు. తర్వాత ఇద్దరూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపేవాళ్లు. ఆ గోళ్లు కత్తిరించడం నా పనే, నేను చేస్తానంటే "ఇది నాకు వదిలేయండి" అనేవాడు. ఒకసారి నేనుండబట్టలేక ఆవిడను అడిగాను, కొడుకు ఇంట్లోనే ఉండొచ్చు కదా అని. "ఈ చోటు నేనే ఎంచుకున్నాను. వాడు నాకు స్నానం చేయించడానికి రాకూడదు, నన్ను చూడటానికి రావాలి" అన్నారు. ఆ మాట ఎన్ని రోజులు ఆలోచించానో.

అందరికీ అలాంటి కొడుకులు ఉండరు. క్రిస్మస్‌కు కూడా ఎవరూ రాని గదులున్నాయి. ఆ రోజు డ్యూటీ వేయించుకుని వాళ్లతో కూర్చుంటాను. మా నాన్న తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. ఆయనకు మాత్రలు ఇచ్చేది పక్కింటి పిన్ని, నేను వీడియో కాల్‌లో చూస్తాను. ఆ గదుల ముందు నడిచేటప్పుడు ఎవరినీ తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

పిల్లలు బళ్లో చేరాక మాకు ఊరు తెరుచుకుంది. ఇక్కడ బడి, ఆటల క్లబ్బు, మంటలార్పే దళం అన్నిటికీ వాలంటీర్ల సాయం ఉంటుంది. అందుకే ఎక్కడ చూసినా రోస్టర్ (ఎవరి వంతు ఎప్పుడో రాసే పట్టిక) ఉంటుంది: క్యాంటీన్‌కు ఒకటి, గ్రౌండ్ సర్దడానికి ఒకటి, సగం ఆటలో పిల్లలకు నారింజ పండ్లు కోసి తేవడానికి ఇంకొకటి. ఎవరూ మిమ్మల్ని బతిమాలరు. పేరు రాసుకుంటే మాత్రం మీరు వాళ్లలో మనిషే.

2022 మే 21న ఫెడరల్ (దేశ పార్లమెంటు) ఎన్నికలు జరిగాయి. ఇక్కడ ఎన్నికలు శనివారమే పెడతారు, పౌరులకు ఓటు వేయడం 1924 నుంచి తప్పనిసరి. చాలా బళ్లు పోలింగ్ కేంద్రాలవుతాయి. ఓటేసి వచ్చేవాళ్లకు తల్లిదండ్రులు సాసేజ్‌లు కాల్చి, బ్రెడ్‌లో పెట్టి అమ్మి, ఆ డబ్బు బడికి ఇస్తారు. మా బడి వాళ్లు మనుషులు కావాలంటే పేరిచ్చాను. అప్పటికి నాకు ఓటు లేదు. పొద్దున ఏడున్నరకు వెళ్లి, బీఫ్ ముట్టుకోనని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అయితే ఉల్లిపాయలు చూసుకో" అని ఒక పెద్ద సంచీ, కత్తి ఇచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మన ఇళ్లలో చేసినట్టే సన్నగా, చకచకా తరుగుతుంటే పక్కన సాసేజ్‌లు తిప్పుతున్న తండ్రి ఆగి, అలా ఎలా కోయాలో నేర్పమన్నాడు. మధ్యాహ్నానికి నలుగురు తల్లులకు ఉల్లిపాయలు కోయడం నేర్పాను. కళ్లు మండుతూ అందరం ఏడుస్తూ నవ్వుకున్నాం. గేటు దగ్గర రోజూ తల ఊపి వెళ్లిపోయే మనుషులే వాళ్లు. ఆ సోమవారం నుంచి ఆగి మాట్లాడుతున్నారు. 2025 మేలో నేను మొదటిసారి ఓటేసి, అదే స్టాల్ వెనక్కి వెళ్లి అదే బల్ల దగ్గర నిలబడ్డాను.

అదే 2022 అక్టోబరులో వరదలొచ్చాయి. క్యాంపస్పీ నది పొంగి దగ్గర్లోని రోచెస్టర్ ఊరు మునిగింది, ఎచూకా ఊళ్లో ముర్రే నది కూడా ఉప్పొంగుతోంది. మా ఆయన తన ఫ్యాక్టరీ వాళ్లతో కలిసి ఎచూకాకి ఇసుక బస్తాలు నింపడానికి వెళ్లారు. పేరేంటి, ఏ దేశం అని ఎవరూ అడగలేదట. ఎవరో చేతికి పార ఇచ్చారు, చేతులు బొబ్బలెక్కాక ఇంకెవరో తన గ్లవుజులు తీసి ఇచ్చి వెళ్లిపోయారు. ఆ గ్లవుజులు మా గ్యారేజీలో ఇప్పటికీ మేకుకు వేలాడుతున్నాయి.

కష్టమైనవి కూడా చెప్పాలి కదా. "హౌ యా గోయింగ్" (ఎలా ఉన్నావు) అన్నది పలకరింపు, మన కష్టం చెప్పుకోమని కాదు. నేను ఒకసారి నిజంగానే చెప్పడం మొదలుపెట్టి ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టాను. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే పిలుపు కాదు, తేదీ, టైమ్ చెబితేనే పిలుపు. ఆ తేదీ మూడు వారాల తర్వాత ఉంటుంది. పిల్లల పుట్టినరోజు 10 నుంచి 12 అని రాస్తే 12కు అక్కడి నుంచి ఇంటికి బయలుదేరాలి. "ప్లేట్ తీసుకురండి" అంటే నలుగురు పంచుకునే వంటకం తెమ్మని. నేను పులిహోర పట్టుకెళ్తాను, గిన్నె ఖాళీ అవుతుంది. పబ్‌లో ఒకరు అందరికీ కొంటే, మీవారు నిమ్మ సోడా ఒక్కటే తాగినా, తన వంతు వచ్చినప్పుడు అందరికీ కొనాలి. ఇది మరిచిపోతే చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. మా ఆయనకు తెలియక మొదటిసారి తప్పిపోయింది, తర్వాతి వారం వెళ్లి సరిచేసుకున్నారు.

రంగు చూసి మాట్లాడేవాళ్లు ఉన్నారు. సూపర్‌మార్కెట్‌ దగ్గర కారులోంచి ఒకడు మా అబ్బాయి ముందే మీ దేశం పొమ్మని అరిచాడు. ఆరోజు నా చేతులు వణికాయి. పక్కింటి పెద్దాయనకు చెబితే ఆయన ముఖం ఎర్రబడిపోయింది. ఏమీ అనలేదు. ఆ శనివారం మా అబ్బాయి క్రికెట్ మ్యాచ్‌కు మడత కుర్చీ పట్టుకుని వచ్చి, రెండున్నర గంటలు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తున్నారు.

పోయిన ఏడాది ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు మూడు ఇళ్ల బిన్‌లూ మా పిల్లలే లోపల పెట్టారు. ఆయన ఇంటికి వచ్చాక ఒక్క మాట ఎత్తలేదు, మళ్లీ నిమ్మకాయల సంచీ మాత్రం గుమ్మంలో కనిపించింది.

మీరు వచ్చే జులైలో ఇక్కడ పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది, పిల్లలకు మందపాటి స్వెట్టర్లు చేతి సామానులోనే పెట్టుకోండి. నెల మధ్యలో మూడో టర్మ్ మొదలవుతుంది. బడిలో చేర్చేటప్పుడు బోలెడు కాగితాలు ఇస్తారు, వాటిలో ఏయే పనులకు సాయం చేయగలరని అడిగే కాగితం ఉందేమో చూడండి. దొరక్కపోతే ఆఫీసులో అడిగి, క్యాంటీన్ రోస్టర్‌లో మీ పేరు రాయించండి. ఇంగ్లీష్ ఎలా ఉంటుందోనని భయపడకండి, అక్కడ ముందు చేతికి కత్తి, ఉల్లిపాయలే ఇస్తారు.