లండన్ చిలుకల లెక్కకు వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

ఈ డిసెంబరులో హిదర్ గ్రీన్ శ్మశానవాటికకు రాత్రి బసకు చేరే రామచిలుకలను లెక్కించబోతున్నావని మీ అమ్మ చెప్పగానే, మన ఇంట్లో పిట్టల వెంట తిరిగే మనిషి ఇంకొకరు తయారయ్యారని పొంగిపోయాను. కానీ నాలుగు కాకముందే పొద్దుగూకే ఊళ్లో, సమాధుల మధ్య ఒక్కదానివే నిలబడతావేమోనని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోడు లేనిదే వెళ్లకు. గేటు ఎప్పుడు మూస్తారో ముందే కనుక్కో. ఉన్నిబట్టలు, బైనాక్యులర్, పెన్సిలు సంగతి నీకు వేరే చెప్పనక్కర్లేదు.

నా బెంగంతా లెక్క గురించే. మా కళాశాలలో పనిచేసిన ఒక అధ్యాపకుడు కాలువగట్టు రావిచెట్లకు చేరే చిలుకలను ఒంటరిగా లెక్కించాడు. చిలుకలు వాలగానే కుదురుకోవు. కొమ్మల కోసం పోట్లాడుకుంటాయి, డేగ కనబడిందంటే గుంపంతా ఒక్కసారిగా లేచి, కీచుమంటూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ అదే చెట్టు మీద వాలుతుంది. అలా తిరిగొచ్చిన ప్రతి గుంపునూ ఆయన కొత్తదిగా రాసుకున్నాడు. దాదాపు రెట్టింపైన ఆ అంకెను చూపించి జామతోటల వాళ్లు వలలు పన్నించారు. తెల్లవారి ఆ వలల్లో రెక్కలు విరిగి వేలాడిన చిలుకలను నేను కళ్లారా చూశాను తల్లీ. అందుకే చెట్ల గుంపుకు చెరోవైపు ఒకరు నిలబడండి. వచ్చినవాటిలోంచి లేచిపోయినవాటిని తప్పకుండా తీసేయండి. మెడలో కంటె ఎదిగిన మగవాటికే ఉంటుంది, మసకవెలుతురులో దానికోసం వెతుకుతూ వచ్చే గుంపును వదులుకోకు.

పంజరాల్లో అక్కడికి చేరి, తప్పించుకున్న, వదిలేసిన రామచిలుకలు 1969 నుంచి బ్రిటన్‌లో స్వేచ్ఛగా పిల్లలను లేపుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉత్తర భారతం, పాకిస్తాన్‌ల నుంచి వెళ్లినవేనని జన్యు పరిశోధనల్లో తేలింది కనుక, వాటిని చూస్తే నీకు ఇల్లు గుర్తుకు రావడం సహజం. అయినా అవే చిలుకలు బెల్జియంలో తొర్రల కోసం నట్‌హ్యాచ్ పిట్టలతో పోటీపడుతున్నాయి, స్పెయిన్‌లోని సెవిల్‌లో తొర్రల్లో ఉండే పెద్ద గబ్బిలాల మీద పడి చంపాయి. అలాగే పంజరాల నుంచి బయటపడిన మాంక్ చిలుకలు అనే మరో జాతిని తొలగించే పనిని బ్రిటన్ ప్రభుత్వం 2011లో మొదలుపెట్టింది. రేపు ఈ రామచిలుకల విషయంలోనూ వాదన వస్తే, నీ కాగితం ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేం. కనుక మమకారంతో ఒక్కటి తగ్గించకు, కంగారులో ఒక్కటి పెంచకు.

లెక్క ముగిశాక ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు, కూడికలు నేనూ ఒకసారి సరిచూస్తాను.

మీ పెదనాన్న