ఫ్రేమ్ బై ఫ్రేమ్ రికార్డింగ్: వీడియో టేపు డెక్ ముందుకీ వెనక్కీ తిరిగి ఎర్రర్ ఇస్తోందా?

కొత్త టేపు నేరుగా పెట్టేసినట్టున్నారు. సిలికాన్ గ్రాఫిక్స్ మెషిన్ (గ్రాఫిక్స్ కంప్యూటర్) నుంచి బీటాక్యామ్ ఎస్పీ డెక్‌లోకి ఒక్కో ఫ్రేమే ఎక్కించాలంటే ఇన్సర్ట్ మోడ్ (టేపు మీది టైమ్‌కోడ్‌ని కదపకుండా, కావలసిన చోట బొమ్మ మాత్రం రాసే పద్ధతి) కావాలి. ఖాళీ టేపు మీద టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ ఉండే సమయం నంబరు), కంట్రోల్ ట్రాక్ (టేపుని సరిగ్గా నడిపించే గుర్తులు) ఉండవు. ఎక్కడ రాయాలో డెక్‌కి తెలీదు, అందుకే ఆ తిప్పలు.

1. ముందు డెక్‌కి బ్లాక్ సిగ్నల్ (ఖాళీ నల్లటి బొమ్మ) ఇచ్చి, టైమ్‌కోడ్‌తో టేపంతా మామూలుగా రికార్డ్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. మధ్యలో ఆపారో, అక్కడ టైమ్‌కోడ్ తెగుతుంది. 30 నిమిషాల టేపుకి 30 నిమిషాలూ పడుతుంది, టీ తాగి రండి.
2. డెక్ స్విచ్ రిమోట్‌లో ఉండాలి, అప్పుడే కంప్యూటర్ దాన్ని నడపగలదు.
3. ఇన్సర్ట్‌లో వీడియో మాత్రమే. అసెంబుల్ (కంట్రోల్ ట్రాక్‌తో సహా అన్నీ కొత్తగా రాసే మోడ్) జోలికి వెళ్లొద్దు.
4. మొదటి ఫ్రేమ్‌ని 1 నిమిషం తర్వాత పెట్టండి, ప్రీరోల్‌కి (రాసే ముందు టేపు కాస్త వెనక్కి వెళ్లి వేగం అందుకోవడానికి) వెనక చోటుండాలి.

పాల్‌లో (సెకనుకి 25 ఫ్రేముల వీడియో పద్ధతి) 10 సెకన్లంటే 250 ఫ్రేములు, ప్రతిదానికీ ప్రీరోల్. రాత్రికి వదిలేసి ఇంటికెళ్లడమే నయం.